ఆర్మీ ప్రింట్ నిక్కరుతో విదేశం వెళ్ళొచ్చా?

పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం బట్టల గురించే. సైన్యమో పోలీసులో వాడి వదిలేసినవి, లేదా చూడ్డానికి అలా ఉండేలా కుట్టినవి. ఒకరికిచ్చిన జవాబు ఇంకొకరికీ పనికొస్తుందనిపించి అన్నీ ఒకేచోట వేస్తున్నాం.

ప్రశ్న: సార్, మేం కుటుంబంతో ఓడలో కరీబియన్ దీవులు తిరగబోతున్నాం. మా ఆరేళ్ళ బాబుకి ఆర్మీ ప్రింట్ అంటే పిచ్చి, నాలుగు నిక్కర్లూ ఒక టోపీ సర్దేశాం. బార్బడోస్‌లో అవి వేసుకుంటే నేరమని తెలిసినావిడ ఒకరు అన్నారు. ఆరేళ్ళ పిల్లాణ్ణి ఏ పోలీసు పట్టుకుంటాడండీ? ఆవిడ మమ్మల్ని ఆటపట్టిస్తున్నారా?

జవాబు: ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం, ఆవిడకి ఓ థ్యాంక్స్ చెప్పండి. బార్బడోస్‌లో ఆర్మీ ప్రింట్ బట్ట ఎవరు వేసుకున్నా నేరమే, పిల్లలకి మినహాయింపు లేదు. పైగా ఆ ఒక్క దీవితో పోదు. జమైకా, ట్రినిడాడ్ అండ్ టొబాగో, సెయింట్ లూసియా, సెయింట్ విన్సెంట్, గ్రెనడా, డొమినికా, ఆంటిగ్వా అండ్ బార్బుడా, ఇలా మీ ఓడ ఆగే రేవుల్లో చాలావాటిలో ఇదే నియమం ఉంటుంది. అందుకే ఓడ కంపెనీలు కూడా ఒడ్డున దిగేముందు ఆ బట్టలు కేబిన్‌లో వదిలి రమ్మని చెబుతుంటాయి.

నిజంగా పిల్లాణ్ణి స్టేషన్‌కి తీసుకెళ్తారా అంటే, ఎక్కువసార్లు జరిగేది అంత దూరం పోదు. బట్టలు మార్చుకు రమ్మంటారు, లేదా కస్టమ్స్‌ వాళ్ళు తీసేసుకుంటారు. కానీ చట్టం వాళ్ళ చేతిలో ఉంది కాబట్టి ఆ రోజు ఎదురైన మనిషి మూడ్ ఎలా ఉంటే మీ సెలవు అలా నడుస్తుంది. నాలుగు నిక్కర్ల కోసం అంత టెన్షన్ ఎందుకు, ఇంట్లోనే వదిలేయండి. ఇంకో మాట, "మాది గులాబీ రంగు ప్రింట్, సైనికులు గులాబీ వేసుకోరు కదా" అని వాదించేవాళ్ళు ఉంటారు. ఆ వాదన అక్కడ నిలబడుతుందని నమ్ముకోకండి. వాళ్ళు చూసేది ఆ మచ్చల డిజైన్‌ని, రంగుని కాదు. బ్యాగు, టోపీ, వాటర్ బాటిల్ కవరు కూడా ఒకసారి చూసుకోండి. ప్యాంటు గుర్తుంటుంది, బ్యాగే మర్చిపోతాం.

ఎందుకింత పట్టింపు అంటే, ఇవి చిన్న దేశాలు, సైన్యాలున్నచోట అవీ చిన్నవే. గ్రెనడాలో 1979లో తిరుగుబాటుతో ప్రభుత్వం మారింది, 1983లో ప్రధాని మారిస్ బిషప్‌ని చంపేశారు, ఆ వెంటనే అమెరికా సైన్యం దిగింది. ట్రినిడాడ్‌లో 1990లో సాయుధులు పార్లమెంటులోకి చొరబడి ప్రధానినే బందీగా పట్టుకున్నారు. ఇలాంటివి చూసిన చోట, వీధిలో సైనికుడి బట్టలో ఉన్నవాడు నిజంగా సైనికుడే అయి ఉండాలి, దొంగతనానికి వచ్చిన ముఠా అయి ఉండకూడదు అనుకుంటే అందులో తప్పేముంది?

ప్రశ్న: జాంబియా, జింబాబ్వే వెళ్తున్నాను, విక్టోరియా జలపాతం చూసి తర్వాత సఫారీ. అడవి కదా అని సెకండ్‌హ్యాండ్‌లో ఆర్మీ ప్యాంటు, చొక్కా, టోపీ మొత్తం సెట్ కొన్నాను. జంతువులకి కనపడకుండా ఉంటుంది కదా. సరిపోతుందా, ఇంకేమైనా కావాలా?

జవాబు: సెట్ మొత్తం పక్కన పెట్టేయండి, ఆ తర్వాత ఏం కావాలో చూద్దాం. జింబాబ్వేలో మామూలు జనం ఆర్మీ ప్రింట్ బట్టతో కుట్టిన ఏ దుస్తులు వేసుకున్నా చట్టవిరుద్ధం. జాంబియాలోనూ సైనికుల తరహా బట్టలు కుదరవు. ఆఫ్రికాలో ఈ జాబితా ఇంకా ఉంది, ఘనా, నైజీరియా, ఉగాండాల్లోనూ ఇదే మాట. ఉగాండాలో అయితే 2019లో ఎర్ర బెరే టోపీని కూడా సైన్యం దుస్తుల లెక్కలో కలిపేశారు. ప్రతిపక్ష నాయకుడు బోబీ వైన్ మద్దతుదారులు పెట్టుకునే టోపీ అదే. అంటే అక్కడ ప్రింట్ లేని ఉత్త ఎర్ర టోపీ కూడా మిమ్మల్ని వాళ్ళ రాజకీయాల మధ్యలో నిలబెట్టొచ్చు.

జింబాబ్వే వైపు ఈ జాగ్రత్త వెనక ఒక జ్ఞాపకం ఉంది, కాస్త పెద్దదే అయినా చెప్పాలి. అది రొడీషియాగా ఉన్న రోజుల్లో, 1970లలో, తెల్లవారి ప్రభుత్వానికీ గెరిల్లాలకీ యుద్ధం నడిచింది. 1973లో ప్రభుత్వం సెలూస్ స్కౌట్స్ అనే దళాన్ని పెట్టింది. వాళ్ళ పనితనమంతా వేషంలోనే, గెరిల్లాల బట్టలు వేసుకుని గెరిల్లాల్లాగే ఊళ్ళలోకి వెళ్ళేవాళ్ళు. 1976 ఆగస్టులో మొజాంబిక్‌లో, రొడీషియా నుంచి వెళ్ళినవాళ్ళు ఉండే న్యాడ్‌జోన్యా శిబిరం మీదికి ఇలాగే వెళ్ళారు, ఒంటిమీద మొజాంబిక్ సైన్యం యూనిఫాం, వాహనాలకీ వాళ్ళ రంగులే. శిబిరంలో ఉన్నవాళ్ళు తమవాళ్ళే వచ్చారనుకున్నారు. వెయ్యి మందికి పైగా చనిపోయారు. ఇప్పటి చట్టం ఆ ఒక్క ఘటన వల్లే పుట్టిందని నేననడం లేదు. కానీ యూనిఫాంని నమ్మి ప్రాణాలు పోగొట్టుకున్న ప్రాంతానికి దాన్ని సరదాకి వేసుకెళ్తే అక్కడివాళ్ళకి సరదాగా ఉండదు, అంతే.

ఇక జంతువుల సంగతి. సఫారీలో మీరు కూర్చునేది జీపులో. ఆ జీపు ఎంత పెద్దదో సింహానికి కనపడుతూనే ఉంటుంది, మీ చొక్కా మీద ఆకులు అచ్చువేసి ఉన్నా లేకపోయినా దానికొకటే. కావల్సింది ఏ డిజైనూ లేని లేత గోధుమరంగు, మట్టిరంగు పొడుగు చేతుల చొక్కా. ముదురు నీలం, నలుపు వద్దు, ఎందుకంటే త్సెత్సే ఈగలు ఆ రంగులకే వస్తాయి. వాటిని పట్టే బోనులు కూడా నీలం, నలుపు గుడ్డతోనే చేస్తారు. ఆ ఈగ కుడితే అమ్మో అనిపిస్తుంది, కొన్నిచోట్ల నిద్రజబ్బు కూడా దాని వల్లే వస్తుంది. కాబట్టి రంగు గురించి ఆలోచించాల్సింది సింహం కోసం కాదు, ఈగ కోసం.

ప్రశ్న: నాకు పాత మిలిటరీ జాకెట్లంటే ప్రాణం. ఒక ఎం-65, ఒక జర్మన్ ఆర్మీ పార్కా, రష్యన్ బొచ్చు టోపీ ఉన్నాయి. చలికాలంలో యూరప్ వెళ్తున్నాను, ఇవే వేసుకుందామని. అక్కడ ఇది ఫ్యాషనే కదా, ప్రాబ్లం ఏముంటుంది?

జవాబు: జాకెట్లతో పెద్దగా ఏమీ ఉండదు. ఎం-65 అమెరికా సైన్యం కోసం 1965లో వచ్చింది, అప్పట్నుంచి సైనికుల కంటే విద్యార్థులే ఎక్కువ వేసుకుని ఉంటారని నా అనుమానం. ఉత్త ఆకుపచ్చ జాకెట్‌ని చూసి యూరప్‌లో ఎవరూ తల తిప్పరు. చిక్కంతా దానిమీద అతికించి ఉన్నవాటితోనే. మీ జర్మన్ పార్కాకి రెండు చేతుల మీదా చిన్న జర్మన్ జెండాలు ఉండే ఉంటాయి, చూడండి. జర్మనీ శిక్షాస్మృతిలో 132ఎ అని ఒక సెక్షన్ ఉంది. అర్హత లేకుండా యూనిఫాం వేసుకుంటే ఏడాది దాకా జైలు లేదా జరిమానా. స్వదేశీ యూనిఫాం, విదేశీ యూనిఫాం రెండూ అందులో ఉన్నాయి, పొరపాటుపడేంత దగ్గరగా ఉన్నవీ ఉన్నాయి. బ్రిటన్‌లో 1894 నాటి యూనిఫాంల చట్టం ఇంకా బతికే ఉంది. ఒక పార్కా వేసుకున్నందుకు మిమ్మల్ని కోర్టుకి లాగుతారని భయపెట్టడానికి ఇదంతా చెప్పట్లేదు. జాకెట్ వేరు, యూనిఫాం వేరు. ఆ రెంటినీ వేరుచేసేది జెండా, ర్యాంకు, దళం గుర్తు, పేరు పట్టీ. బ్లేడుతో అరగంట కూర్చుని కుట్లు విప్పేస్తే పార్కా మామూలు పార్కా అయిపోతుంది. వెల్‌క్రో ఉంటే అదీ అక్కర్లేదు, ఊడబీకడమే. బొత్తాల మీద చిహ్నాలుంటే బొత్తాలు మార్చండి.

పేరు పట్టీ అన్నాను కాబట్టి నా సొంత గోడు ఒకటి. చాలా ఏళ్ళ కిందట సెకండ్‌హ్యాండ్‌లో కొన్న ఆకుపచ్చ జాకెట్ వేసుకుని ఒక దేశం సరిహద్దు రోడ్డు మార్గంలో దాటుతున్నాను. ఇమ్మిగ్రేషన్ ఆయన పాస్‌పోర్టు చూశాడు, నా గుండె వైపు చూశాడు, మళ్ళీ పాస్‌పోర్టు చూశాడు. అప్పుడు గుర్తొచ్చింది, జాకెట్ జేబుపైన దాని పాత యజమాని ఇంటిపేరు కుట్టి ఉంది. "ఈయన ఎవరు?" అన్నాడు. నాకెలా తెలుస్తుంది! తెలీదన్నాను. తెలీని మనిషి పేరు గుండెమీద ఎందుకు పెట్టుకు తిరుగుతున్నావన్నాడు, దానికి జవాబు నా దగ్గర లేదు, నిజానికి ఇప్పటికీ లేదు. నా వెనక బస్సు మొత్తం ఎదురుచూస్తుండగా బ్యాగు అంతా విప్పించి చూసి పంపించాడు. ఆ రాత్రే కుట్లు విప్పాను.

ఇక మీ రష్యన్ టోపీ. దానిమీద ఎర్ర నక్షత్రమో కొడవలి సుత్తో ఉంటే ముందు అది ఊడదీయండి. లిథువేనియా 2008లోనే సోవియట్ గుర్తుల్ని, నాజీ గుర్తుల్ని బహిరంగంగా ప్రదర్శించడం నిషేధించింది, ఉక్రెయిన్ 2015లో నిషేధించింది. మీకది బజార్లో దొరికిన ముచ్చటైన టోపీ, ఎదురుగా వచ్చే ముసలాయనకి అది తన తండ్రిని రైలెక్కించి సైబీరియా పంపినవాళ్ళ టోపీ అయి ఉండొచ్చు. నాజీ గుర్తులున్న పాత సామాను సంగతి నేను చెప్పనక్కర్లేదనుకుంటాను. జర్మనీలో దానికి మూడేళ్ళ దాకా జైలు ఉంది, సేకరణ, హాబీ అంటూ వీధిలో వేసుకు తిరగడం కుదరదు.

ప్రశ్న: అన్ని దేశాల్లోనూ షాపుల్లో బహిరంగంగా అమ్ముతారు, పెద్ద పెద్ద బ్రాండ్లు ఆర్మీ ప్రింట్ వేస్తాయి, సినిమా వాళ్ళు వేసుకుంటారు. అమ్మితే తప్పులేదు, మేం వేసుకుంటే తప్పా? ఏంటండీ ఈ న్యాయం?

జవాబు: మీ కోపం నాకర్థమైంది, కానీ షాపులో దొరుకుతుందన్న మాట మీరే మొదట అనలేదు. 2014లో ఉక్రెయిన్‌లోని క్రిమియాలో ఒక్కసారిగా ఆకుపచ్చ దుస్తుల్లో సాయుధులు ప్రత్యక్షమయ్యారు. జెండా లేదు, బిళ్ళ లేదు, ఏ దేశమో చెప్పరు. పత్రికలు వాళ్ళకి చిన్న ఆకుపచ్చ మనుషులని పేరు పెట్టాయి. వాళ్ళు రష్యా సైనికులేనా అని మార్చిలో అడిగితే పుతిన్ కాదన్నారు, స్థానికుల ఆత్మరక్షణ దళాలన్నారు, అలాంటి యూనిఫాం ఎవరైనా షాపుకెళ్ళి కొనుక్కోవచ్చన్నారు. మరుసటి నెలకే తమ సైనికులు అక్కడున్నారని ఆయనే ఒప్పుకున్నారు.

అదీ సంగతి. షాపులో దొరికే బట్ట సైన్యానికి ముసుగు అవుతుందని అందరికీ తెలిశాక, మీ బట్టని చూసి అనుమానించేవాడిది మూర్ఖత్వం అనలేం. యుద్ధ నియమాల మీద దేశాలు చేసుకున్న 1907 హేగ్ ఒప్పందంలోనే, మామూలు సైన్యం కాని దళాలవాళ్ళు కూడా దూరం నుంచి గుర్తుపట్టగలిగే స్థిరమైన చిహ్నం ధరించాలని రాసుకున్నారు, శత్రువు యూనిఫాంని దుర్వినియోగం చేయకూడదనీ రాసుకున్నారు. దాని అర్థం ఏంటంటే, యుద్ధంలో ఎవరిని కాల్చాలి ఎవరిని కాల్చకూడదు అనేది బట్టల్ని బట్టే తేలుతుంది. మీరు టూరిస్టని మీకు తెలుసు. చెక్‌పోస్టులో తుపాకీతో నిలబడ్డ ఇరవై ఏళ్ళ కుర్రాడికి వంద అడుగుల దూరం నుంచి తెలిసేది మీ చొక్కా ఒక్కటే. వాడు దగ్గరికి వచ్చి పాస్‌పోర్టు అడిగేలోపు వాడి మనసులో ఏం నడుస్తుందనేదే నా భయం, షాపువాడి బిల్లు కాదు. గొడవలున్న చోట్లకి వెళ్ళే విలేకరులు మిలిటరీ రంగుల జోలికి పోకపోవడం, ప్రెస్ అని రాసిన నీలం కోటు వేసుకోవడం అందుకే. యుద్ధాల మధ్యే తిరిగేవాళ్ళకి లేని సరదా మనకెందుకు?

ప్రశ్న: బట్టలు సరే, బ్యాగు? పాత ఆర్మీ బ్యాగు చాలా గట్టిది, పదేళ్ళుగా అదే వాడుతున్నాను. ఇంకోటి కొత్తగా కొన్నాను, తెల్ల గుండ్రంలో ఎర్ర క్రాస్ ఉంది, మందులు పెట్టుకుందామని.

జవాబు: గట్టిదే, ఒప్పుకుంటాను. కానీ బట్టల కంటే బ్యాగుల విషయంలోనే నాకు ఎక్కువ భయం. పాత మిలిటరీ సంచికి జేబులు లెక్కలేనన్ని, లైనింగ్ చిరిగి ఉంటుంది, దాని మడతల్లోకి ఏదైనా జారిపోతే మీకు తెలీదు. ఆ ఏదైనా ఒక్కోసారి తూటా అవుతుంది. టర్క్స్ అండ్ కైకోస్ దీవుల్లో అనుమతి లేని తూటాలు దొరికితే కనీస శిక్ష పన్నెండేళ్ళు. సామానులో తూటాలు మర్చిపోయామన్న అమెరికన్ టూరిస్టులు కొందరు అక్కడ అరెస్టయి పెద్ద గొడవైంది. 2024 జూన్‌లో చట్టం మార్చి జడ్జిలకి శిక్ష తగ్గించే వీలు ఇచ్చారు గానీ, ఆ వీలు మీ మీద ప్రయోగించి చూడాల్సిన పని లేదు. బ్యాగు తిరగేసి గట్టిగా దులపండి, ప్రతి జేబులో వేళ్ళు పెట్టి చూడండి, లైనింగ్‌ని చేత్తో నలిపి చూడండి. పేలిన తూటా ఉత్త గొట్టం దొరికినా ఇంట్లోనే వదిలేయండి. మందుగుండు సంచిగా వాడినదైతే దాన్ని అసలు విమానం ఎక్కించకండి. సెక్యూరిటీలో గుడ్డతో తుడిచి పరీక్షించే మెషీన్ పేలుడు పదార్థాల ఆనవాళ్ళనే వెతుకుతుంది, అది కూత పెడితే మీ ఫ్లైట్ సంగతి మర్చిపోవచ్చు.

ఎర్ర క్రాస్ బ్యాగు వద్దు. అది మందుల గుర్తు అని చాలామంది అనుకుంటారు, కాదు. 1949 జెనీవా ఒప్పందం ప్రకారం అది సైన్యపు వైద్య విభాగానికీ రెడ్‌క్రాస్ సంస్థలకీ మాత్రమే చెందిన రక్షణ చిహ్నం, ప్రైవేటు వ్యక్తులు వాడకూడదు. దాన్ని చూసి కాల్చకుండా ఆగాలి కాబట్టే అంత కాపలా. మందుల కోసం ఆకుపచ్చ మీద తెల్ల క్రాస్ ఉన్న సంచి తీసుకోండి, అది అందరూ వాడుకోవచ్చు.

ప్రశ్న: మా మామయ్య పోలీసు శాఖలో రిటైరయ్యారు. ఆయన పాత జాకెట్, వెనక పెద్ద అక్షరాలతో పోలీస్ అని ఉంటుంది. వేరే దేశం పోలీసు కదా, అక్కడ ఎవరూ పట్టించుకోరు కదా?

జవాబు: ఎందుకు పట్టించుకోరు? పోలీస్ అనే మాట ఎన్నో దేశాల్లో అదే మాట, అదే అర్థం. జనం మిమ్మల్ని దారి అడుగుతారు, ఫిర్యాదు చెప్పుకుంటారు, దొంగ మిమ్మల్ని చూసి పరిగెత్తుతాడు, అసలు పోలీసు మాత్రం మీ వైపే వస్తాడు. ఇంగ్లండ్‌లో 1996 పోలీసు చట్టం ప్రకారం మోసం చేసేలా పోలీసుని పోలిన దుస్తులు వేసుకోవడం నేరం, చాలా దేశాల్లో ఇలాంటిదే ఒకటి ఉంటుంది. మీకు మోసం చేసే ఉద్దేశం లేదని నాకు తెలుసు, కానీ అది పరాయి భాషలో రాత్రి పదకొండింటికి స్టేషన్‌లో నిరూపించుకోవాల్సి వస్తే? మామయ్య గారి మీద గౌరవం ఉంటే ఆ జాకెట్ ఇంట్లో తగిలించుకోండి.

ప్రశ్న: నాకు పక్షుల ఫొటోలు తీయడం హాబీ. చెట్లలో కలిసిపోవాలంటే ప్రింట్ బట్టలు తప్పవు. నాలాంటివాళ్ళు ఏం చేయాలి?

జవాబు: నిషేధం లేని దేశమైతే వేసుకోండి, కానీ ఫొటో తీసే చోటే వేసుకుని అక్కడే విప్పేయండి. హోటల్ నుంచే అదే వేషంలో, మెడలో అంత పొడుగు లెన్సుతో బయల్దేరకండి. పక్కన ఎయిర్‌బేస్ ఉందేమో మ్యాపులో ముందే చూసుకోండి. 2001లో గ్రీస్‌లో విమానాల ఫొటోలు, నంబర్లు రాసుకునే హాబీ ఉన్న 12 మంది బ్రిటిష్ వాళ్ళనీ, ఇద్దరు డచ్ వాళ్ళనీ గూఢచారులని పట్టుకున్నారు. మరుసటి ఏడాది శిక్ష కూడా పడింది, తర్వాత పై కోర్టులో బయటపడ్డారు. వాళ్ళ మీద అనుమానం రావడానికి నోట్‌బుక్కూ బైనాక్యులర్సే చాలు. మీ ఒంటిమీద సైనికుడి ప్రింట్ కూడా తోడైతే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ప్రశ్న: ఆర్మీ బూట్లు?

జవాబు: నిక్షేపంగా. బూట్ల మీద నిషేధం నాకెక్కడా తగల్లేదు. సెక్యూరిటీ దగ్గర విప్పడానికి టైం పడుతుంది, మీ వెనకవాళ్ళు తిట్టుకుంటారు, అంతే. న్యూజిలాండ్, ఆస్ట్రేలియా వెళ్తుంటే మాత్రం అడుగున మట్టి లేకుండా బ్రష్‌తో కడగండి, అక్కడ దిగేముందు నింపే డిక్లరేషన్‌లో రాయండి. న్యూజిలాండ్‌లో చెప్పకుండా దాటబోతే అక్కడికక్కడే 400 న్యూజిలాండ్ డాలర్ల జరిమానా, అది బూటు సైనికుడిదా మీదా అని అడగరు.